చేప కంటే ముందు నీళ్లు పండాలి



వరి, మినుము, యూరియా అంటూ రాసుకునే ఈ పేజీలో ఇవాళ గోల్డ్ ఫిష్ గొడవేంటి అని నవ్వుకోకండి. కాస్త ఓపిగ్గా చదవండి. చివరికి ఇది మన పొలం మాటే అని మీరే ఒప్పుకుంటారు.

ఈ మధ్య మన ఊళ్లలో కూడా గృహప్రవేశానికి, పిల్లల పుట్టినరోజుకి గాజు తొట్టి, అందులో రెండు ఎర్ర చేపలు బహుమతిగా ఇవ్వడం మామూలైపోయింది. తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో ప్లాస్టిక్ కవర్లో చేపని వేసి పిల్లాడి చేతికి ఇచ్చేస్తున్నారు. తెచ్చిన రోజు ఇంట్లో పండగ. మూడో రోజుకి నీళ్లు తెల్లగా మసకబారతాయి. వారం పది రోజులకి చేప వెల్లకిలా తేలుతుంది. పిల్ల ఏడుస్తుంది. నాన్న ఇంకోటి తెస్తాడు. అదీ పోతుంది. చివరికి ఆ తొట్టి అటకెక్కుతుంది, లేదంటే అందులో ఉల్లిపాయలు పోస్తారు.

ఎందుకు పోయింది అని అడిగితే మూడు జవాబులు వస్తాయి. "వాటి ఆయుష్షే అంత." "షాపువాడు రోగం చేపని అంటగట్టాడు." "మన ఇంటికి తగలాల్సిన దిష్టి అది తీసుకుపోయింది." మూడో మాట నమ్మేవాళ్ల మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ మాట అనుకున్నాక ఇక కారణం వెతకం, అదీ నా బాధ. కొత్త తొట్టిలో మొదటి నెలలో పోయే చేపల్లో చాలావాటిని చంపేది నీళ్లే. అద్దంలా మెరిసే నీళ్లు కూడా చంపుతాయి.

ముందు ఆయుష్షు సంగతి తేల్చేద్దాం. గోల్డ్ ఫిష్ పుట్టిల్లు చైనా. వెయ్యేళ్ల పైనుంచి అక్కడ పెంచుతున్నారు. మన బొచ్చె, రాగండి చేపలకి ఇది దాయాది, ఒకే కుటుంబం. సరిగ్గా చూసుకుంటే పది, పదిహేనేళ్లు సులువుగా బతుకుతుంది. జానెడు పెరుగుతుంది, కొన్ని రకాలు అంతకు మించి కూడా. ఇంగ్లాండులో 1956లో ఒక తిరునాళ్లలో బహుమతిగా గెలుచుకున్న టిష్ అనే గోల్డ్ ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికి రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. అదీ కవర్లో ఇచ్చిన తిరునాళ్ల చేపే! కాబట్టి "దాని ఆయుష్షే అంత" అనే మాట ఇక మనం అనొద్దు. పదేళ్ల ప్రాణం పది రోజుల్లో పోతే అది ఆయుష్షు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కోళ్ల ఫారంలోకి పొద్దున్నే వెళ్తే కళ్లు మండుతాయి కదా? ఆ ఘాటు అమ్మోనియా. చేప కూడా రోజంతా అమ్మోనియా వదులుతుంది. ఎక్కువ భాగం మొప్పల గుండానే వచ్చేస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అదే వస్తుంది. చెరువులోనో కాలవలోనో అది నీళ్లలో కలిసి పలచనైపోతుంది. గాజు గిన్నెలో ఎక్కడికి పోతుంది? కోళ్లకి కనీసం షెడ్డు పక్క పరదా ఎత్తుతాం. చేపకి ఎత్తడానికి పరదా లేదు. తాను వదిలిన విషాన్నే తాను పీలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం, మనకి లెక్క చెబితేనే ఎక్కుతుంది. పిల్లలు ముద్దుగా చిటికెడు చిటికెడు మూడుసార్లు వేస్తే రోజుకి ఒక గ్రాము మేత పడిందనుకోండి. అందులో ప్రోటీను నూటికి 35 వంతులు. ఆ ఒక్క గ్రాము మేత నుంచి సుమారు 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ నీళ్లలోకి వస్తుంది. గిన్నె పది లీటర్లదైతే లీటరుకి 3 మిల్లీగ్రాములు. ఒక్క రోజులో!

ఇందులో అంతా విషం కాదు. అమ్మోనియాకి రెండు రూపాలున్నాయి. ఒకటి చేపకి పెద్దగా హాని చేయదు, ఇంకోటి మొప్పల్ని కాలుస్తుంది. ఏది ఎంత అనేది నీళ్ల పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే విషం రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఐదు వంతులు. 9 అయితే మూడో వంతుకు పైనే. ఇప్పుడు మన బోరు నీళ్లు గుర్తు చేసుకోండి. బిందె అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లు చాలా చోట్ల 8కి అటూ ఇటూ ఉంటాయి. అంటే మన పది లీటర్ల గిన్నెలో ఒక్క రోజుకే విషం వాటా లీటరుకి 0.15 మిల్లీగ్రాములు దాటుతుంది. 0.05 దగ్గరే మొప్పలకి దెబ్బ మొదలవుతుంది. మూడింతలు!

అదే మేత వంద లీటర్ల తొట్టిలో పడితే ఈ అంకెలన్నీ పదో వంతు అవుతాయి. పెద్ద తొట్టి విషాన్ని పోగొట్టదు, మనకి టైము ఇస్తుంది. కైకలూరు వైపు చేపల రైతు సంగతి చూడండి. ఎకరం చెరువులో ఐదడుగుల నీళ్లుంటే 60 లక్షల లీటర్ల పైచిలుకు. మూడు వేల చేపలు వేశాడనుకున్నా ఒక్కో చేపకి రెండు వేల లీటర్లు. అంత నీళ్లున్నా ఆ రైతు అమ్మోనియా పెరిగిందేమోనని నీళ్ల శాంపిలు పట్టుకుని ల్యాబుకి పరిగెడతాడు. మనమేమో అదే కుటుంబపు చేపని పది లీటర్లలో వేసి, ఎందుకు చచ్చిందో తెలియట్లేదు అంటున్నాం.

మరి పెద్ద అక్వేరియాల్లో ఏళ్ల తరబడి ఎలా బతుకుతున్నాయి? ఇక్కడే మన పొలం వస్తుంది.

పత్తికో మొక్కజొన్నకో యూరియా వేస్తాం. అది ముందు అమ్మోనియాగా మారుతుంది, ఆ తర్వాత నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, చివరికి నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటునే మొక్క బాగా తీసుకుంటుంది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త ఈ పని చేసే సూక్ష్మజీవుల్ని మట్టి నుంచి వేరు చేసి చూపించాడు. ఇలాంటి జీవులే చేపల తొట్టిలోనూ పని చేయాలి. ఒక రకం అమ్మోనియాని తిని నైట్రైటు చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైటుని తిని నైట్రేటు చేస్తుంది. నైట్రేటు మరీ ఎక్కువైతే తప్ప చేపకి పెద్ద ముప్పు లేదు. వారానికోసారి కొంత నీళ్లు మార్చితే పోతుంది.

చిక్కల్లా ఏంటంటే, షాపు నుంచి తెచ్చిన కొత్త తొట్టిలో, కడిగిన రాళ్లలో, కొత్త స్పాంజిలో ఈ జీవులు దాదాపు ఉండవు. అవి పెరగడం కూడా చాలా నిదానం. కుళ్లబెట్టే మామూలు సూక్ష్మజీవి అనుకూలిస్తే అరగంటలో రెండవుతుంది. వీటికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందుకే మూడో రోజుకి నీళ్లు పాలలా మసకబారతాయి. అది మురికి కాదు, తొందరగా పెరిగే రకాలు ఎగబడ్డాయన్నమాట. శుభ్రం చేసే రకాలు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఈలోపు మొదటి వారంలో అమ్మోనియా, ఆ తర్వాత రెండు మూడు వారాలు నైట్రైటు పెరుగుతాయి. నైట్రైటు చేప రక్తాన్ని గోధుమ రంగుకి మార్చేస్తుంది. అలాంటి రక్తం ఆక్సిజన్ మోయలేదు. నీళ్లలో గాలి నిండుగా ఉన్నా చేప ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంది.

పాలు కాచి గిన్నెలో పోసి, తోడు వేయకుండా తెల్లారి పెరుగు కావాలంటే వస్తుందా? జీవామృతం కలిపేటప్పుడు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి అన్నీ వేశాక గుప్పెడు గట్టు మన్ను ఎందుకు వేస్తాం? నేలలోని ప్రాణం అందులోకి రావాలని. చేపల తొట్టికీ తోడు కావాలి. ఈ ముక్క అందరికంటే ముందు అర్థం కావాల్సింది మనకే. కానీ తొట్టి ముందు నిలబడేసరికి మనం రైతులమని మర్చిపోతున్నాం.

ఏం చేస్తున్నాం? నీళ్లు మసకబారగానే మొత్తం పారబోస్తున్నాం. రాళ్లు, స్పాంజి అన్నీ కుళాయి కింద పెట్టి తోమేస్తున్నాం. ఆ కుళాయి నీళ్లు పంచాయతీ ట్యాంకువి, అందులో బ్లీచింగ్ కలిపి ఉంటుంది. అప్పుడప్పుడే రాళ్లకీ స్పాంజికీ అంటుకుంటున్న మంచి జీవుల్ని మన చేత్తో మనమే చంపి, అదే బ్లీచింగ్ నీళ్లు మళ్లీ నింపి, చేపని వదులుతున్నాం. మళ్లీ మొదటి రోజు. ఇలా ప్రతి వారం. కలుపు ఉందని ప్రతి వారం చేను మొత్తం దున్నేస్తే పంట ఎప్పటికొస్తుంది?

రెండోది, మందు. చేప డల్లుగా ఉంది అనగానే షాపుకి పోతే నీలం సీసా, పసుపు సీసా చేతిలో పెడతారు. రోగం నిజంగా ఉంటే మందు పని చేస్తుంది, కాదనను. కానీ అమ్మోనియాతో మొప్పలు కాలుతుంటే ఆ చుక్కలేం చేస్తాయి? పైగా మిథిలీన్ బ్లూ లాంటివి, కొన్ని యాంటీబయాటిక్కులు ఆ మంచి జీవుల్నే దెబ్బతీస్తాయి. ఇది మనకి కొత్తా? ఆకు పసుపెక్కితే వేరు చూడకుండా, నీరు నిలిచిందేమో చూడకుండా, డబ్బా పట్టుకొచ్చి కొట్టడం మనకి అలవాటైన రోగమే. చేలో చేసేదే హాల్లోనూ చేస్తున్నాం. ఈ పోస్టు రాయడానికి నన్ను కదిలించింది కూడా ఇదే. కారణం వెతకకుండా సీసా వెతికే అలవాటు మన పిల్లలకి ఇంట్లోనే, ఏడెనిమిదేళ్లకే నేర్పుతున్నాం.

కొందరంటారు: "పది ఇరవై రూపాయల చేప, దీనికింత శాస్త్రమా?" చేప ధర తక్కువే. కానీ పిల్ల ఏం నేర్చుకుంటోంది? ప్రాణం పోతే ఇంకోటి కొనొచ్చు అని. రైతు ఇంట్లో పుట్టిన బిడ్డకి ఆ పాఠం వద్దు. దూడకి విరేచనాలైతే రాత్రంతా కూర్చునే ఇళ్లు మనవి.

ఇంకొందరంటారు: "మా బంధువుల ఇంట్లో గుండ్రటి గిన్నెలోనే ఆరు నెలలు బతికింది." బతికి ఉండొచ్చు. రోజూ కొంచెం నీళ్లు మార్చేవాళ్ల దగ్గర కొన్ని నెట్టుకొస్తాయి. కానీ గిన్నెకి పైన మూతి సన్నం, గాలి తగిలే నీటి పైభాగం తక్కువ. ఫిల్టరు పెట్టే చోటు ఉండదు. మన ఎండల్లో నీళ్లు తొందరగా వేడెక్కుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 దగ్గర ఏడున్నరే పట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్ అసలు చల్లటి నీళ్ల చేప. ఇటలీలో రోమ్ నగరం 2005లోనే గుండ్రటి గిన్నెల్లో చేపల్ని పెట్టడాన్ని నిషేధించింది. మనకి చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. కొనకపోతే చాలు.

సరే, పెంచాలని ఉంది, పిల్లలు అడుగుతున్నారు. ఎలా?

1. గిన్నె వద్దు. రెండు చిన్న చేపలకి కనీసం వంద లీటర్ల తొట్టి చూడండి, పెరిగేకొద్దీ ఇంకా పెద్దది కావాలి. గాజుదే కానక్కర్లేదు. నీడపట్టున రెండు మూడు వందల లీటర్ల సిమెంటు తొట్టి ఉంటే అంతకంటే మేలు, దోమ పిల్లల్ని కూడా తినేస్తుంది. అయితే కొత్త సిమెంటు సున్నం వదులుతుంది, పీహెచ్ బాగా పెరిగిపోతుంది. రెండు మూడు వారాలు నింపుతూ పారబోస్తూ ఆ సున్నం వదిలించాకే వాడాలి.

2. నీళ్లు ముందు రోజే పట్టి, మూత లేకుండా వెడల్పాటి పాత్రలో ఉంచండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లయితే గాలి పట్టుకుంటాయి, ఎందుకంటే లోతు నుంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ.

3. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు పెట్టండి. మంచి జీవుల ఇల్లు అదే. వాటికీ గాలి కావాలి కాబట్టి రాత్రీ పగలూ నడవాలి. కరెంటు పోతే మగ్గుతో నీళ్లు ఎత్తి పోయండి, ఆ పూట మేత ఆపండి.

4. చేప వేయకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ నెల రోజులు నడపండి. ఆ మేత కుళ్లి వచ్చే అమ్మోనియానే జీవులకి తిండి. "యూరియా వేస్తే సరిపోదా?" అని అడిగేవాళ్లు మనలో తప్పకుండా ఉంటారు. వద్దండి. కొలత తప్పితే ఆ ఎక్కువ అమ్మోనియా ఆ జీవుల్నే అడ్డుకుంటుంది.

5. తోడు దొరికితే ఇంకా మంచిది. ఏడాదిగా చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి నుంచి వాడుతున్న స్పాంజి ముక్క అడిగి తెచ్చి, తడి ఆరకుండా మీ తొట్టిలో వేయండి. నెల పని చాలా తగ్గుతుంది.

6. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించి, నైట్రేటు కనబడితే నీళ్లు పండినట్టు. భీమవరం, కైకలూరు చుట్టుపక్కల వాళ్లకి ఆక్వా ల్యాబులు దగ్గరే. మిగతావాళ్లు చుక్కల కిట్టు కొనుక్కోవచ్చు. అప్పుడు ఒక్క చేపతో మొదలెట్టండి, రెండు వారాలు ఆగి రెండోది.

7. మేత రెండు నిమిషాల్లో తినేసినంతే. గోల్డ్ ఫిష్‌కి మనలా కడుపు సంచి ఉండదు, ఎంత వేసినా వెతుక్కుంటూనే ఉంటుంది. అది ఆకలి అనుకోకండి.

8. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి కింద వద్దు. ఆ తీసిన నీళ్లు పారబోయకండి, అందులో నైట్రేటు ఉంది. కరివేపాకు మొక్కకి పోయండి.

ఇప్పటికే చేపలు తెచ్చేసి, అవి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే? ముందు మేత ఆపండి, రెండు మూడు రోజులు తినకపోతే చావదు. రోజూ పావు నుంచి మూడో వంతు నీళ్లు, ముందు రోజు నిలవ ఉంచిన నీళ్లతో, అదే వేడి ఉండేలా చూసి మార్చండి. మొత్తం మాత్రం మార్చొద్దు. గాలి పంపు పెట్టండి. మొప్పలు గోధుమ రంగుకి తిరిగితే నైట్రైటు దెబ్బ అని అనుమానించి, లీటరుకి ఒక గ్రాము లెక్కన కల్లుప్పు వేరే నీళ్లలో కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడు నైట్రైటుని మొప్పల్లోకి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. అమ్మోనియాకి మాత్రం ఉప్పు పని చేయదు, నీళ్లు మార్చడమే మందు. ఇంకో మాట, పెంచలేకపోతే చెరువులో కాలవలో వదిలేయకండి. చాలా దేశాల్లో అలా వదిలిన గోల్డ్ ఫిష్ చెరువులకే బెడదై కూర్చుంది. పెంచేవాళ్లకి ఇవ్వండి.

చివరగా షాపుల వాళ్ల గురించి. తొట్టి, చేప ఒకే రోజు అమ్మేవాళ్లని నేను మెచ్చుకోను. "తొట్టి ఇవాళ తీసుకెళ్లండి, చేప వచ్చే నెల రండి" అనే షాపు ఉంటే దూరమైనా అక్కడికే వెళ్తాను. కానీ తప్పంతా వాళ్లదే అనడం కూడా న్యాయం కాదు. ఇవాళే కావాలని పట్టుబట్టేది మనమే. నారు పోయకుండానే నాట్లకి మనుషుల్ని పిలవని మనం, చేప దగ్గరికొచ్చేసరికి ఎందుకంత తొందరపడుతున్నాం?

పిల్లలకి చేప కొనిపెడతానని మాటిచ్చినవాళ్లు ఈ నెల తొట్టి మాత్రమే కొనండి. ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత ఆ పిల్ల చేతే వేయించండి. "చేప లేదు కదా, ఎవరికి నాన్నా ఈ మేత?" అని అడుగుతుంది. కంటికి కనబడని జీవులకి అని చెప్పండి. మన పొలంలో కూడా అవే ఉన్నాయని చెప్పండి. మట్టి గురించి బిడ్డకి చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.